అప్పు ఎగ్గొట్టి ప్రాయశ్చిత్తం అంటే ఎలా?

సంపాదకుల వారికి,

గుడ్ ఫ్రైడే వచ్చిందంటే చాలు, "యేసు మన పాపాల కోసం చనిపోయాడు కదా, ఇంకేం చేసినా ఫర్వాలేదన్నమాట" అని ఎవరో ఒకరు ఎగతాళి చేస్తారు. వాళ్లను అనీ లాభం లేదు, మావాళ్లలోనే కొందరు అలా బతుకుతున్నారు. నా దగ్గర అప్పు తీసుకున్న ఒకాయన, రెండేళ్ల తర్వాత అడిగితే, "దేవుడే నన్ను క్షమించాడు బ్రదర్" అన్నాడు!

అసలు చిక్కు మాటలోనే ఉందేమో. మన వాడుకలో ప్రాయశ్చిత్తం అంటే తప్పు చేసినవాడు తానే చేసుకునేది. బైబిల్లోని రోమా పత్రిక 3:25లో మాత్రం దేవుడే క్రీస్తును "కరుణాధారముగా", అంటే మన పాపాలకు ప్రాయశ్చిత్తంగా, ఇచ్చాడని ఉంటుంది. అది ఎలా పనిచేస్తుందన్న దానిపై క్రైస్తవ సంఘమంతా ఒకే మాట మీద ఎప్పుడూ లేదు. 11వ శతాబ్దం చివర్లో ఆన్సెల్మ్ అనే వేదాంతి, దేవుని ఘనతకు మనిషి పడ్డ బాకీని దేవుడే మనిషిగా వచ్చి తీర్చాడని వాదించాడు, ఆ తర్వాత అబెలార్డ్ అనే మరో వేదాంతి సిలువలో కనిపించే ప్రేమ మన మనసును మారుస్తుందన్నాడు, తొలి శతాబ్దాల వాళ్లయితే మరణం మీద, సాతాను మీద గెలుపు గురించే ఎక్కువ చెప్పారు. నాకు మూడూ కావాలనిపిస్తుంది.

కానీ లూకా సువార్త 19వ అధ్యాయంలో, పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడండి. యేసు తన ఇంటికి వచ్చాక అతను చేసిన పని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తాననడం. క్షమాపణ ఉచితమే, ఎవరూ కాదనరు. నాకు నాలుగంతలు అక్కర్లేదు, అసలు ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు