ప్లాను గీయించే ముందు టేపు పట్టు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్న ఇంటిని కట్టడానికి చివరికి నిశ్చయించుకున్నావని చదివి చాలా సంతోషించాను. అయితే "వచ్చే వారం ప్లాను గీయించి, ఆ మర్నాడే పురపాలక కార్యాలయంలో అనుమతికి దరఖాస్తు పెట్టేస్తాను" అని రాశావే, ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మా ఇంటి అనుమతి రెండు నెలలు ఆలస్యమైందని నీకు తెలుసు కాని, ఎందుకు ఆలస్యమైందో ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే తప్పవుతుంది.

మా దస్తావేజులో స్థలం వెడల్పు 15 మీటర్లు, పొడవు 20 మీటర్లు అని ఉంది. ప్లాను గీసినాయన రోడ్డు వైపు హద్దునూ, ఒక పక్క హద్దునూ కొలిచి, రెండూ కాగితంతో సరిపోయాయని తృప్తిపడ్డాడు. వెనక ముళ్లపొదలు దట్టంగా పెరిగి ఉండడంతో అటు ఎవరమూ వెళ్లలేదు. దరఖాస్తు పెట్టిన తరువాత తనిఖీకి వచ్చిన అధికారి మొదట ఆ పొదలు కొట్టించి, టేపును ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా పట్టించారు. ఒకటి సరిగ్గా 25 మీటర్లు వచ్చింది. రెండోది 24.76 వచ్చింది. నాలుగు మూలలూ మూలమట్టానికి ఉంటే ఆ రెండు కొలతలూ ఒకటే కావాలి కదా! చూస్తే వెనక హద్దు 14.6 మీటర్లే ఉంది. పక్క హద్దుల్లో ఒకటి వెనక్కి వెళ్లేకొద్దీ లోపలికి వాలింది. కాని ఇరవై మీటర్ల పొడవులో ఆ వాలు వల్ల వచ్చే తేడా అర సెంటీమీటరు కూడా ఉండదు కాబట్టి, పక్కలు ఎన్నిసార్లు కొలిచినా అది బయటపడేది కాదు.

40 సెంటీమీటర్లంటే 1:100 స్కేలులో గీసిన ప్లాను మీద నాలుగు మిల్లీమీటర్లు. ఆ కాస్త తేడాకే మా వంటగది మూల, హద్దు పక్కన ఖాళీగా వదలవలసిన సెట్‌బ్యాక్‌లోకి జరిగింది. స్థలం 300 చదరపు మీటర్ల నుంచి 296కు తగ్గడంతో, అందులో సగానికి సరిగ్గా సరిపెట్టి గీయించుకున్న కట్టుబడి విస్తీర్ణం కూడా పరిమితి దాటింది. గది మారితే స్తంభం మారుతుంది, స్తంభం మారితే స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కలన్నీ మళ్లీ వేయాలి. రెండు నెలలు అలా గడిచాయి. ఆ అధికారి మీద నాకు కృతజ్ఞతే ఉంది. పునాది తవ్విన తరువాత ఈ సంగతి తెలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది.

అందువల్ల నాలుగు హద్దులూ, రెండు ఐమూలలూ సర్వేయరు చేత కొలిపించిన తరువాతే ప్లాను గీయించు. దస్తావేజులోనూ, పన్ను రసీదులోనూ, ప్లానులోనూ నీ పేరు ఒకే తీరుగా ఉందో లేదో, విస్తీర్ణం ఒకే అంకెగా ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూసుకో. చిన్న నగరాల కార్యాలయాల్లో కాగితాలు చూసే వ్యక్తే తరచుగా స్థలాల తనిఖీకీ వెళ్తారు. కాబట్టి ఆయన కార్యాలయంలో ఉండే రోజు కనుక్కొని, చేత్తో గీసిన నమూనాతో ముందే ఒకసారి కలిసి, ఏయే పత్రాలు కావాలో రాయించుకుని రా. అభ్యంతరాలతో లేఖ వస్తే, వాటికి విడతలు విడతలుగా కాక, అన్నింటికీ కలిపి ఒకేసారి వరుస సంఖ్యలతో జవాబివ్వు.

సెట్‌బ్యాక్ పేరుతో సొంత స్థలాన్ని వృథా చేయవలసి వస్తోందని నొచ్చుకున్నావు. అక్కడ మాత్రం నీతో ఏకీభవించలేను. 1666లో లండన్‌లో మంటలు ఇంటి నుంచి ఇంటికి పాకి నగరంలో ఎక్కువ భాగాన్ని బూడిద చేశాక, మరుసటి ఏడాదే అక్కడ గోడలు ఇటుకతోనో రాతితోనో కట్టాలని, వీధులు వెడల్పుగా ఉండాలని చట్టం చేయవలసి వచ్చింది. నువ్వు వదిలే ఆ ఖాళీ నీ కిటికీకి గాలినీ వెలుతురునూ ఇస్తుంది, పక్కింటి మంట నీ గోడకు అంటకుండా అడ్డుపడుతుంది, రేపు గోడకు చెమ్మ పడితే నిచ్చెన వేసుకోవడానికి చోటు మిగులుస్తుంది.

అనుమతి చేతికి వచ్చిన వెంటనే దాని గడువు తేదీ చూసుకో. ఆలోగా పని మొదలుపెట్టకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. పునాదిలో ఇనుము కట్టడం పూర్తయ్యాక, కాంక్రీటు పోయక ముందు తనిఖీ చేయించడం ఎంత తొందరలోనూ మానకు, ఎందుకంటే ఒకసారి కాంక్రీటు పడ్డాక లోపల ఏముందో ఎవరూ చూడలేరు. మధ్యలో గది మార్చాలనిపిస్తే, గోడ లేపక ముందే సవరించిన ప్లానుకు అనుమతి తీసుకో.

సర్వేయరు వచ్చిన రోజు నువ్వూ దగ్గరుండి టేపు రెండో కొస పట్టుకో. ఆ ఆరు కొలతలూ ఒక కాగితం మీద రాసి నాకు పంపితే, ప్లాను గీయించక ముందే నేనూ ఒకసారి లెక్క చూస్తాను.

నీ మిత్రుడు