రాసేచోటే సాయం ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇంటర్నెట్‌లో తెలుగు సమాచారం తక్కువగా ఉందని, తెలిసినవాళ్లంతా తలో చెయ్యి వేసి రాయాలని చాలామంది అంటున్నారు. మంచి మాటే. కానీ అలా రాయడానికి వచ్చిన మనిషికి మొదటి రోజు ఏం ఎదురవుతుందో ఎవరూ మాట్లాడటం లేదు. నేను ప్రకాశం జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయం చూసుకుంటున్నాను. నా కళ్ల ముందు జరిగింది చెబుతాను.

రోజూ పొద్దున్నే పేపర్లు చదవడానికి వచ్చే రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు ఒకరున్నారు. డెబ్బై దాటిన మనిషి. అందరూ కలిసి రాసే ఒక వెబ్‌సైట్‌లో వాళ్ల ఊరి పేజీ రెండు లైన్లకు మించి లేదని చూసి, ఊరి చెరువు గురించి తాను రాస్తానన్నారు. ఏ వాగు నీళ్లు వచ్చి చేరతాయి, తూములెన్ని, అలుగు పారితే నీళ్లు ఎటు పోతాయి, అన్నీ. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు మధ్యాహ్నాలు టైపు చేశారు. మూడో రోజు వచ్చి చూసుకుంటే అందులో ఒక్క వాక్యం కూడా లేదు. "మూలాలు లేని సమాచారం చేర్చరాదు" అని ఆయన పేరు మీద ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివి, "మూలాలంటే ఏంటమ్మా? నేనేమన్నా అబద్ధం రాశానా?" అని అడిగారు.

తర్వాత నేను వెతికితే ఆ చెరువు ప్రస్తావన జిల్లా గెజిటీరులో, అంటే జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకంలో, దొరికింది. ఆ పుస్తకం ఆయన కూర్చున్న కుర్చీకి నాలుగడుగుల దూరంలో, బీరువాలోనే ఉంది. టైపు చేస్తున్నప్పుడే "ఈ సంగతి ఎక్కడ చదివారు?" అని తెర మీద ఒక్క మాట కనపడి ఉంటే ఆయన వెనక్కి తిరిగి నన్ను అడిగేవారు. ఆ పేరా తీసేసిన మనిషిని, జీతం లేకుండా ఆ సైటుకి పనిచేసే వాలంటీరుని, నేను తప్పు పట్టను. చెరువు గట్టున పుట్టి పెరిగినవాడు రాశాడో, ఊహించి రాశాడో ఎక్కడో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? చెప్పాల్సిన మాట రెండు రోజులు ఆలస్యంగా, అదీ తిట్టులా చేరేట్టు ఆ సైటుని తయారు చేయడంలోనే లోపం ఉంది.

ఇది ఆయనొక్కరికి జరిగింది కాదు. అలా అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వమే వికీపీడియా. ఇంగ్లిష్ వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్ల సంఖ్య 2007లో బాగా పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ల రాతల్ని కూడా తీసేయడం, పలకరించాల్సిన చోట యంత్రాలు పంపే హెచ్చరికలు చేరడం ఇందుకు పెద్ద కారణాలని 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన చెప్పింది. వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2018లో కొత్తవాళ్ల కోసమే ఒక బృందాన్ని పెట్టి, తొలి ప్రయోగాలను చెక్, కొరియన్ భాషల్లో చేసింది. ఖాతా తెరిచిన మనిషికి ఒక హోంపేజీ ఇచ్చి, అక్షర దోషాలు దిద్దడం లాంటి చిన్న పనుల్ని సులువు, మధ్యస్థం, కష్టం అని విడదీసి చూపించారు. రాసే పెట్టె పక్కనే సహాయ పట్టీ పెట్టారు. అనుభవమున్న వాలంటీరు ఒకరిని పేరుతో సహా చూపించి "మీ సందేహం వీరిని అడగండి" అన్నారు. ఈమధ్య వచ్చిన ఇంకో ఏర్పాటు నాకు మరీ నచ్చింది. కొత్తవాళ్లు ఆధారం చూపకుండా పేరా రాస్తే, ప్రచురించకముందే ఆధారం జోడిస్తారా అని అడుగుతుంది. వద్దంటే ఎందుకు వద్దో కారణం అడిగి ముందుకు పోనిస్తుంది. మా పోస్టుమాస్టరు గారికి కావాల్సింది సరిగ్గా ఇదే.

సాయం పేరుతో చేసేదంతా సాయం కాదు. సైట్లోకి అడుగు పెట్టగానే వరుసగా ఆరేడు పెట్టెలు తెరుచుకుని, ఇది ఫలానా బటన్, అది ఫలానా మెనూ అంటూ పోతే ఎవరు చదువుతారు? మా లైబ్రరీకి వచ్చే పిల్లలైతే చూడకుండానే అన్నీ మూసేస్తారు. పెద్దవాళ్లకి టెన్షన్ పెరుగుతుంది. అవసరం ఎక్కడ వచ్చిందో అక్కడ, ఆ ఒక్క మాటే చెప్పాలి. దీనికి మంచి నమూనా వికీపీడియాలోనే ఉంది. రాసే పెట్టెలో కర్సర్ పెడితే మూలన చిన్న కీబోర్డు బొమ్మ వస్తుంది. దాన్ని నొక్కి తెలుగు ఎంచుకుంటే, విడిగా ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకుండా ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు పడుతుంది. అవసరమైనప్పుడు కంట్రోల్, ఎం కలిపి నొక్కితే ఇంగ్లిష్‌కి మారవచ్చు. నేను ఒకసారి చూపిస్తే చాలు, ఎవరూ రెండోసారి అడగలేదు.

ఇక భాష సంగతి. "మూలాలను ఉదహరించండి" అంటే తెలుగు మాస్టారికి అర్థమవుతుందేమో. "ఎక్కడ చదివారు? పుస్తకం పేరు, పేజీ నంబరు రాయండి" అంటే అందరికీ అర్థమవుతుంది. వికీపీడియాలో బటన్ల మీద, పెట్టెల్లో కనపడే మాటల్ని ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైట్లో తెలుగు చేసేది వాలంటీర్లే. సహాయ పట్టీలో ఏ లింకులు ఉండాలో కూడా ఆయా భాషల నిర్వాహకులు మార్చుకోవచ్చు. అంటే ఈ పనికి ఎక్కడో అమెరికాలో ఉన్నవాళ్ల కోసం ఎదురు చూడక్కర్లేదు. 2003లో మొదలై లక్ష వ్యాసాలు దాటిన తెలుగు వికీపీడియాని ఇంతదాకా తెచ్చింది ఇలా సొంత సమయం పెట్టినవాళ్లే. కొత్తవాళ్ల సందేహాలన్నిటికీ వాళ్లే జవాబు చెప్పాలంటే అయ్యే పని కాదని నాకు తెలుసు. అందుకే పదేపదే వచ్చే సందేహాలకు తెర మీదే, నలుగురూ మాట్లాడుకునే తెలుగులో జవాబు కనపడాలి.

ఇలాంటి సైట్లు నడిపేవారికి, వాటికి తెలుగు మాటలు రాసేవారికి నాదొక విన్నపం. సహాయం రాసేముందు ఒక కొత్త మనిషి పక్కన గంటసేపు కూర్చోండి. మీరేమీ చెప్పకుండా, ఆ మనిషి చెయ్యి ఎక్కడ ఆగిపోతుందో చూసి రాసుకోండి. మా గ్రంథాలయంలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. సాయంత్రం నాలుగు తర్వాత ఎవరొచ్చినా కూర్చోబెడతాను. పోస్టుమాస్టరు గారు ఇప్పటికీ రోజూ వస్తున్నారు, పేపరు చదువుకుని వెళ్లిపోతున్నారు. గెజిటీరులో ఆ పేజీ దగ్గర నేను ఒక చీటీ పెట్టి ఉంచాను.

ఇట్లు,
ఒక గ్రంథాలయాధికారిణి,
ప్రకాశం జిల్లా