గుర్రపుడెక్క పచ్చ

విజయవాడ, సత్యనారాయణపురం
ఆదివారం రాత్రి

చిరంజీవి బుజ్జమ్మకి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఒకపక్క మీ అమ్మ గ్యాస్ బుక్ చేశారా లేదా అని కేకలు, ఇంకోపక్క నా చెవుల సంగతి నీకు తెలిసిందే. గుంటూరులో శని ఆదివారాలు బొమ్మల క్లాసు మొదలుపెట్టానన్నావు. పద్నాలుగు మంది చేరారు, అందరూ కొత్తవాళ్లే అన్నావు. పర్యావరణం మీద సీనరీలు వేయిద్దామనుకుంటున్నా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టను నాన్నా అన్నావు. ఆలోచించి చెప్తాలే అని పెట్టేశాను. వారం నుంచీ అదే ఆలోచన. ఫోన్లో తేలే సంగతి కాదని కాగితం తీశాను.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేసి నేను పిల్లలకు నేర్పింది ప్రైజులు తెచ్చే పర్యావరణం. జూన్ 5, పర్యావరణ దినం దగ్గరపడితే చాలు, మన డాబా మీద ఇటుకరాళ్లు పెట్టి వరసగా అవే బొమ్మలు ఆరబెట్టేవాళ్లం, గుర్తుందా? భూగోళానికి కళ్లు, కళ్లల్లో నీళ్లు, కింద రెండు చేతులు, నెత్తిన ఒక మొక్క. లేకపోతే షీటు మధ్యలో గీత గీసి సగం నలుపు, సగం పచ్చ. నలుపు వైపు మోడు, పచ్చ వైపు సీతాకోకచిలుక. ఒక పోటీలో మూడు ప్రైజులూ మన పిల్లలకే వచ్చాయి. మూడు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో నాకే తెలియలేదు. ఆ ముగ్గురిలో ఒకడు రోజూ ఏలూరు కాలువ గట్టు మీద నుంచే బడికి వచ్చేవాడు. వాడి బొమ్మలో కాలువ లేదు. ఎందుకు లేదురా అని నేనూ అడగలేదు.

అందుకని నువ్వు పర్యావరణం అనే మాట మొదటి రెండు నెలలూ క్లాసులో ఎత్తకు. ఎత్తావా, పిల్లలు వెంటనే ఆ ఏడ్చే భూగోళం తీస్తారు. సీనరీ అన్నా ప్రమాదమే. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందకి దిగే నది, ఒక పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి నాలుగు పక్షులు. ఆ కొండలు ఏ ఊరివని ఏ పిల్లవాణ్ని అడిగినా తెల్లమొహం వేస్తాడు. అడుగు. ఊరికే నవ్వుతూ అడుగు. మొదటి పాఠం అదే అవుతుంది.

పాత అట్టపెట్టె ఒకటి తీసుకుని ఒక్కొక్కరికీ అరచేయంత ముక్క కోసి, మధ్యలో కిటికీ చెయ్యి. కిటికీ పొడవు వెడల్పులు షీటు కొలతలకు తగ్గట్టే ఉండాలి, లేకపోతే తర్వాత కుదరదు. దాన్ని ఒక కన్నుకి ఎదురుగా పట్టుకుని చూడమను. ఏది లోపల ఉంచాలి, ఏది బయట వదిలేయాలి అన్నది అక్కడే తేలిపోతుంది. నేల ఆకాశం కలిసే గీత పైకి పెడితే నేల ఎక్కువ కనిపిస్తుంది, చెత్త ఉంటే చెత్త కూడా. ఆ గీతే కిందికి దించితే అంతా ఆకాశం, అంతా హాయి. ఒకే చోట కూర్చుని రెండు రకాలుగానూ వేయించు. ఇందులో మాటలు పెద్దగా అక్కర్లేదు.

షీటు వెనక తేదీ, టైము, గాలి ఎటునుంచి వీస్తోంది రాయించు. ఇది నా సొంత తెలివి కాదు. ఇంగ్లండులో కాన్‌స్టేబుల్ అనే చిత్రకారుడు 1821, 1822లో వరసగా మబ్బుల బొమ్మలు వేసి, వెనక ఇవే రాసుకునేవాడు. మబ్బుకి కూడా పుట్టిన తేదీ వేసిన మనిషి! కాలువ గట్టున కూర్చునే మన పిల్లలకు ఇంతకంటే పనికొచ్చే అలవాటు నాకు తెలియదు. ఎందుకంటే మన కాలువలకి వేసవిలో నీళ్లు కట్టేస్తారు. నీళ్లున్నప్పుడు వేసిన చోటే, కట్టేశాక మళ్లీ అదే అట్టకిటికీతో వేయించాలి. మొదటి బొమ్మలో మెరిసే నీళ్లు. రెండోదాంట్లో అడుగున పేరుకున్న ప్లాస్టిక్ కవర్లు, చెప్పులు, విరిగిన దేవుడి పటాలు. రెండు తేదీలూ చూశాక పిల్లలే ఏదో ఒకటి అంటారు. అనేదాకా ఆగు. అదే కష్టం, మాస్టర్లకి నోరు ఊరుకోదు.

ఇక రంగుల దగ్గర కాసేపు కూర్చోవాలి.

పచ్చగా ఉంటే మంచిది, మురికిరంగులో ఉంటే చెడ్డది అని మనకి తెలియకుండానే నేర్పేస్తాం. ఆ సగం సగం బొమ్మలు నేర్పింది అదే. ఒకసారి వేసవి బ్యాచ్‌ని కాలువ దగ్గరికి తీసుకెళ్తే ఒక పిల్ల నీళ్లు కనిపించకుండా ఒడ్డు నుంచి ఒడ్డుకి పచ్చటి తివాచీ వేసింది. మధ్యలో లేత ఊదారంగు పూలు. "పార్కులా ఉంది కదా మాస్టారూ" అంది. బొమ్మ నిజంగా అందంగా ఉంది. ఆ పచ్చదనం గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, మన మురుగు తాగి బలిసింది. అది కప్పేస్తే ఎండ నీళ్లలోకి దిగదు, ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపకి ఊపిరాడదు. నేనా పిల్లని తప్పు అనలేదు. నారుమడి పచ్చ, గుర్రపుడెక్క పచ్చ పక్కపక్కన కలపమన్నాను. నారుమడికి పసుపు ఎక్కువ పడుతుంది. గుర్రపుడెక్క ఆకు మీద నూనె రాసినట్టు మెరుపు, దానికోసం కాగితం తెల్లగా వదలాలి. గంటసేపు కలిపింది. ఆ తర్వాత ఒక ఆకుల గుంపు పక్కకి జరిపి, సందులో కనిపించే నీళ్లు నల్లగా వేసింది. వెయ్యమని నేను చెప్పలేదు.

దీనికి పూర్తిగా ఎదురు ఇంకొకటుంది. శ్రావణ భాద్రపదాల్లో కృష్ణ ఎర్రమట్టి రంగులో వస్తుంది. "ఛీ, పొల్యూషన్" అంటారు పిల్లలు. కాదు. అది ఒండ్రు. ఆ మట్టి కొన్ని వేల ఏళ్లు పరుచుకుంటేనే మన డెల్టా నేల ఏర్పడింది, దివిసీమ ఏర్పడింది. పైన శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల కట్టాక ఆ ఒండ్రు చాలావరకు రిజర్వాయర్లలోనే ఆగిపోతోంది. సముద్రం వైపు తీరం కోసుకుపోవడానికి అదీ ఒక కారణం. కాబట్టి ఆ ఎర్ర నీళ్లని మురికి కింద కొట్టేయనివ్వకు. బర్ంట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగులో కాస్త ఓకర్, అదే మట్టి పసుపు, కలిపి, తడి కాగితం మీద పారనివ్వమను. నల్ల రంగు ట్యూబు మాత్రం నీ బీరువాలో పెట్టి తాళం వేసెయ్యి. అది చేతిలో ఉంటే బాధ అంటే నలుపే అనుకుంటారు.

దూరపు కొండల సంగతి నీకు చిన్నప్పుడే చెప్పాను. దూరం పోయేకొద్దీ కొండ పలచబడి నీలంగా మారుతుంది, గాలి నీలం వెలుతురుని ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి. క్వారీ దుమ్ము అలా కాదు. దుమ్ము కణం పెద్దది, అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడుతుంది. దాంతో కొండ నీలంగా కాక, పాలిపోయి, కొంచెం పసుపుబారి కనిపిస్తుంది. అల్ట్రామెరైన్ నీలం‌లోకి ఓకర్ ఎన్ని చుక్కలు పడిందో చూస్తే ఆ రోజు గాలి ఎలా ఉందో చెప్పొచ్చు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1899 నుంచి 1901 దాకా లండన్ వెళ్లి థేమ్స్ నది మీద మంచు వేశాడని అందరూ మెచ్చుకుంటారు. ఆ మంచులో సగం బొగ్గు పొగే. ఆయన ఎవర్నీ నిందించలేదు, కనిపించిన రంగు వేసి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. నా దగ్గరికి ఒక పిల్లవాడు వచ్చేవాడు, వాళ్ల నాన్న టిప్పర్ డ్రైవరు. కొండ బొమ్మ వెయ్యమంటే సగం కోసేసిన కొండ వేశాడు. కోసిన చోట పొరలు పొరలుగా గులాబీ, బూడిద, తెలుపు, ఎంతో ఓపికగా. దాని కింద ఒక పసుపు టిప్పరు, నంబరు ప్లేటుతో సహా. "మా నాన్నది" అన్నాడు గర్వంగా. ఆ రోజు నేను క్వారీల మీద ఉపన్యాసం ఇద్దామని తయారై వెళ్లాను. నోరు మూసుకున్నాను. నీ పద్నాలుగు మందిలో ఎవరి ఇంట్లో అన్నం ఏ కొండలోంచి, ఏ చేపల చెరువులోంచి, ఏ పురుగుమందుల కొట్టులోంచి వస్తోందో ముందు తెలుసుకో. గుంటూరులో మిర్చి మీద బతికే ఇళ్లు ఎన్నో ఉంటాయి.

ఇంకో బొమ్మ గురించి చెప్పాలి. నీకు అప్పుడు చూపించలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి మన ఊళ్లో సింగ్‌నగర్ మునిగింది కదా. బయటివాళ్లంతా కృష్ణ ముంచింది అనుకున్నారు. కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీకీ ఆ రోజుల్లోనే రికార్డు వరద, 11.43 లక్షల క్యూసెక్కులు. కానీ సింగ్‌నగర్‌లోకి వచ్చింది బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరుకి పోయే వాగు అది. పోయే దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం. ఆ దసరా సెలవుల్లో అక్కడినుంచి ఒక ఎనిమిదో తరగతి పిల్ల మన డాబా క్లాసుకి వచ్చింది. అందరూ పడవలు, హెలికాప్టర్లు వేస్తుంటే ఆ పిల్ల గోడ ఒక్కటే వేసింది. లేత ఆకుపచ్చ సున్నం గోడ, దాని మీద స్విచ్‌బోర్డు. స్విచ్‌బోర్డుకి జానెడు పైన అడ్డంగా గోధుమరంగు గీత. గీతకి కింద సున్నం రంగు ఒకలా, పైన ఇంకోలా. మూడు రోజులు ఆ గీతకి పట్టాయి. తిన్నగా రాలేదని రెండుసార్లు చెరిపింది. "స్కేలు ఇవ్వనా" అన్నాను. "నీళ్లు స్కేలు పెట్టినట్టే నిలబడ్డాయి మాస్టారూ, కానీ నాకు చెయ్యితోనే వెయ్యాలని ఉంది" అంది. నది లేదు, ఆకాశం లేదు, చెట్టు లేదు. ఇన్నేళ్లలో నా క్లాసులో వేసిన సీనరీల్లో నాకు గుర్తుండిపోయింది అదే. దాన్ని ఏ పోటీకీ పంపలేదు. పంపమని ఆ పిల్లా అడగలేదు.

చూడాలంటే దూరాలు పోనక్కర్లేదు. మీ జిల్లాలోనే తుమ్మపూడిలో చిత్రకారుడు, రచయిత సంజీవదేవ్ గారు ఉండేవారు. హిమాలయాలు తిరిగి, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ దగ్గర గడిపి, తిరిగొచ్చి జీవితమంతా ఆ పల్లెలోనే ఉన్నారు. మీకు ఉప్పలపాడు ఇంకా దగ్గర. చలికాలంలో ఒక ఆదివారం తెల్లారేసరికి చెరువు దగ్గర ఉండండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద కిక్కిరిసి ఉంటాయి. ఆ చెట్లలో ఎక్కువ సర్కారు తుమ్మ. ఊళ్లన్నీ పాడుచేస్తోందని మనం తిట్టుకునే చెట్టే. కొంగకి ఆ లెక్క తెలియదు, గూడు పెట్టింది. పిల్లలకు ఇది ముందే చెప్పకు. చెట్టు పేరేంటని వాళ్లే అడుగుతారు. రెట్టతో తెల్లబడిన కొమ్మలు వేయడానికి తంటాలు పడతారు, పడనీ. వాసన వస్తోందని గోల చేస్తారు, అదీ షీటు వెనక రాయించు.

బొమ్మ తెచ్చి చూపించినప్పుడు బాగుంది, బాలేదు అనకుండా, "ఎక్కడ కూర్చున్నావు? ఏం వదిలేశావు?" అని అడుగు. రెండో ప్రశ్నకి కొందరు సిగ్గుపడతారు.

నేనూ సిగ్గుపడాల్సినవాణ్నే. మన హాల్లో సోఫా పైన ఉండే ఆయిల్ పెయింటింగ్, సీతానగరం వైపు నుంచి చూసిన కృష్ణ, సూర్యాస్తమయం. నీ పెళ్లిచూపులప్పుడు వియ్యంకుడు గారు తెగ మెచ్చుకున్నది. అది వేసిన రోజు నా కాళ్ల దగ్గర పూజ సామాన్ల కవర్లు, కొబ్బరి చిప్పలు, బురదలో ఇరుక్కున్న ఒక గణపతి విగ్రహం ఉన్నాయి. కుడివైపు కొండకి పెద్ద కోత ఉంది. విగ్రహం ఉన్న చోట ఇసుక వేశాను. కోతకి చెట్లు కప్పాను. చాలా బాగా కప్పాను, బుజ్జమ్మా, ఎవరికీ తెలియలేదు.

వచ్చే ఆదివారం మీరు వస్తున్నారని మీ అమ్మ ఇప్పటికే గోంగూర ఒలుస్తోంది. హాల్లో గోడ మీద ఖాళీ చూసి కంగారు పడకు, ఏమీ అమ్మలేదు. బొమ్మ కిందకి దించాను, డాబా మీద స్టాండుకి ఉంది. నీ దగ్గరున్న నా పాత బల్లపరుపు బ్రష్షు, పన్నెండో నంబరుది, మర్చిపోకుండా తీసుకురా.

మీ నాన్న