ముసాయిదా రాకముందే మండలాల లెక్క చూసుకోవాలి

సంపాదకులకు,

నియోజకవర్గాల పునర్విభజన మాట వచ్చిందంటే చర్చంతా అసెంబ్లీ సీట్లు తెలంగాణలో 119 కాస్తా 153 అవుతాయా, ఆంధ్రలో 175 కాస్తా 225 అవుతాయా అన్న దగ్గరే తిరుగుతోంది. ఏ మండలం ఎందులో కలుస్తుందన్నది ఎవరికీ పట్టడం లేదు. ఎన్నిక సగం తేలిపోయేది అక్కడే. నమ్మకపోతే భద్రాచలం చూడండి.

2014 ఎన్నికల నాటికి ఆ నియోజకవర్గంలో ఎనిమిది మండలాలు: వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం. పోలవరం ముంపు పేరుతో చివరి మూడూ, పట్టణం మినహా భద్రాచలం మండలంలోని పల్లెలూ ఆంధ్రలోకి వెళ్లాయి. అప్పుడే గెలిచిన సున్నం రాజయ్యది వి.ఆర్.పురం మండలం. ఎమ్మెల్యే తెలంగాణ సభలో, ఆయన ఊరు ఆంధ్రలో! 2019లో రంపచోడవరం నుంచి నిలబడి ఓడిపోయారు. ఇప్పుడు పట్టణం నుంచి దుమ్ముగూడెం వెళ్లే రోడ్డు కొంత దూరం ఆంధ్ర పంచాయతీల మీదుగానే పోతుంది. వాజేడు, వెంకటాపురం ములుగు జిల్లాలో ఉన్నా ఓటు మాత్రం భద్రాచలానికే. 2023లో ఇక్కడి ఓటర్లు లక్షన్నర లోపే, రాష్ట్రం మొత్తమ్మీద తక్కువ. శేరిలింగంపల్లిలో ఏడు లక్షలు దాటారు. ఇద్దరు ఎమ్మెల్యేలదీ సభలో ఒక్కో ఓటే.

జిల్లా సరిహద్దులది మరో తిరకాసు. పోయినసారి పునర్విభజన కమిషన్ ముందుగా జిల్లాకు ఎన్ని సీట్లో తేల్చి, వీలైనంతవరకు జిల్లా దాటకుండా నియోజకవర్గాలు గీసింది. జిల్లా జనాభాను రాష్ట్ర సగటుతో భాగించి, సగం దాటితే పై అంకె, లేదంటే కింది అంకె. 2011 జనాభా ప్రకారం తెలంగాణలో 119 సీట్లకు సగటు 2.94 లక్షలు. 4.3 లక్షల జిల్లాకు 1.46 వస్తుంది, అంటే ఒక్క సీటు. 4.5 లక్షల జిల్లాకు 1.53, అంటే రెండు. తేడా 20 వేల మంది, ఓ మోస్తరు మండలంలో సగం. పది పెద్ద జిల్లాలున్నప్పుడు ఈ కోత కంటికి కనపడేది కాదు. 33 జిల్లాలయ్యాక పోయేది సీటే.

కమిషన్ గీసిన హద్దుల ముసాయిదా గెజెట్‌లోనూ పత్రికల్లోనూ వస్తుంది. గడువులోగా అభ్యంతరాలు తీసుకుని బహిరంగ విచారణ జరుపుతారు. ‘మా మండలాన్ని అందులో కలపొద్దు’ అని సంతకాలు పెట్టి పంపితే పని జరగదు. ఇది తీస్తే ఆ లోటు ఏ మండలంతో పూడ్చాలో, పూడ్చాక రెండు నియోజకవర్గాల జనాభా ఎంతవుతుందో అంకెలతో చూపాలి. మధ్యలో వాగు ఉంటే వంతెన ఎక్కడుందో, మండల కేంద్రానికి బస్సు ఏ దారిన వెళ్తుందో కూడా రాయాలి. చట్టం భౌగోళిక స్వరూపాన్నీ రాకపోకల సౌకర్యాన్నీ చూడమంటోంది. చాలామంది ఓటర్ల జాబితా అంకెలు పట్టుకెళ్తారు. కమిషన్ చూసేది జనగణన జనాభాను. కమిషన్‌లో సహ సభ్యులుగా కూర్చునే ఎంపీలు, ఎమ్మెల్యేలకు అక్కడ ఓటు హక్కు లేదు కాబట్టి వాళ్ల మీద భారం వేసి ఊరుకోవడమూ కుదరదు. తుది ఉత్తర్వు వెలువడ్డాక కోర్టుకెళ్తే, పునర్విభజనను కోర్టులో ప్రశ్నించరాదనే రాజ్యాంగం 329వ అధికరణం అడ్డుపడుతుంది.

అందుకే గ్రామాలవారీ జనాభా పట్టికలు, మండల పటాలు తెలుగులో ప్రతి మండల కార్యాలయంలో ముసాయిదాకు ముందే పెట్టించాలని కలెక్టర్లను కోరుతున్నాను. అభ్యంతరం రాసేవాడికి ముందు కావలసింది ఆ కాగితాలే.

ఇట్లు,
ఒక పాఠకుడు, కొత్తగూడెం