కొలోన్ కథీడ్రల్: ఆ రోజు రానివాళ్ల గురించీ రాయండి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో జర్మనీలోని కొలోన్ నగరపు పెద్ద చర్చి, కొలోన్ కథీడ్రల్ మీద వ్యాసం చదివాను. జర్మనీ ఐక్యతకు అది గుర్తు అన్నారు. నిజమే, కానీ ముప్ఫై ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి, కథ సగంలో ఆగిపోతే ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయి అక్కడే ఉద్యోగం చేస్తోంది. పోయినేడు వెళ్లినప్పుడు రైల్వే స్టేషన్ బయట కాలు పెట్టానో లేదో, ఎదురుగా మసిబారిన నల్లటి రాయి, తలెత్తితే మెడ పట్టేసేంత ఎత్తు. 157 మీటర్లట. 1248లో పునాది వేశారు. 16వ శతాబ్దంలో పని ఆగిపోయింది. సగం లేచిన టవర్ మీద రాళ్లెత్తే చెక్క క్రేన్ మూడు వందల ఏళ్లు అలాగే ఉండిపోయింది. 1842లో మళ్లీ పని మొదలుపెట్టించింది ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విలియం. జర్మనీ అప్పటికింకా ఒక్క దేశం కాదు, విడివిడి రాజ్యాలు; ప్రష్యా వాటిలో ఒక పెద్ద రాజ్యం. ఆయన ప్రొటెస్టెంటు, చర్చి క్యాథలిక్కులది. జనం సంఘం పెట్టుకుని చందాలు పోగేశారు. ప్రొటెస్టెంట్లూ యూదులూ కూడా ఇచ్చారు. ఆ రాజ్యాలను యుద్ధాలతో ఏకం చేసిన ప్రష్యా ప్రధాని బిస్మార్క్ 'రక్తం, ఉక్కు' అనడానికి అప్పటికింకా ఇరవై ఏళ్లుంది. మా క్లాసులో జర్మనీ ఏకీకరణ అంటే ఆ రెండు మాటలే బట్టీపట్టించాం. ఈ చందాల సంగతి చెప్పలేదే అని ఇప్పుడు బాధగా ఉంది.

ఇక మీ వ్యాసంలో లేనిది. 1880 అక్టోబర్ 15న జర్మనీ చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ వచ్చి చర్చి పూర్తయిన పండగ ఘనంగా జరిపించాడు. ఆ చర్చికి పెద్ద అయిన ఆర్చిబిషప్ పాల్ మెల్కర్స్ మాత్రం లేడు. క్యాథలిక్ చర్చిని ప్రభుత్వం అదుపులో పెట్టేందుకు బిస్మార్క్ తెచ్చిన చట్టాలకు లొంగనందుకు 1874లో జైల్లో పెట్టారు, తర్వాత ఆయన దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. గృహప్రవేశానికి ఊరంతా పిలిచి, ఇంటి పెద్దను గడప దాటించినట్టు! ఊళ్లో క్యాథలిక్కులు చాలామంది ఆ వేడుకకు దూరంగానే ఉన్నారు. 1870–71 యుద్ధంలో ఫ్రాన్స్ నుంచి పట్టుకున్న ఫిరంగులు కరిగించి పోసిన గంట కూడా ఆ చర్చిలోనే ఉండేది. 1918లో దాన్ని తిరిగి యుద్ధానికే కరిగించేశారు.

2015 జనవరిలో వలసవచ్చినవాళ్లకు, ముస్లింలకు వ్యతిరేకంగా ఊరేగింపు తీసినప్పుడు మాత్రం చర్చి పెద్దలు బయటి దీపాలన్నీ ఆర్పేశారు. ఆ నినాదాల వెనక తమ చర్చి మెరుస్తూ కనిపించకూడదని.

ఆ ఊళ్లో ఇవాళ మన పిల్లలు బతుకుతున్నారు. ఈ సంగతులు కూడా వచ్చే ఆదివారం వేయమని మనవి.

– విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, హన్మకొండ