పిల్లల కళ్లజోళ్లు: మా షాపులో మార్చిన పద్ధతులు

ఇకపై పిల్లలకు మొదటి కళ్లజోడు అదే రోజు చేతికివ్వం. కంప్యూటర్ టెస్టు చీటీ ఒక్కటే చూసి అద్దాలు కోయడం కూడా ఆపేశాం. ఇది నచ్చక కొందరు వేరే షాపుకి వెళ్తున్నారు, తెలుసు. కారణం చెప్పడం మా బాధ్యత.

ఎనిమిదేళ్ల పిల్లల కంటి కటకం 12 డయాప్టర్లకు (అద్దాల పవర్‌ను కొలిచే యూనిట్) పైగానే బిగుసుకోగలదు. మెషీన్‌లో కనిపించే బొమ్మ దగ్గరే ఉందనుకుని పిల్లలు కన్ను బిగిస్తారు. దాంతో లేని మైనస్ పవర్ (దూరపువి మసకగా కనిపించేవాళ్లకు వేసేది) చీటీలో పడుతుంది, ఉన్న మైనస్ ఇంకాస్త పెరుగుతుంది. సైక్లోపెంటోలేట్ చుక్కలు వేసి, అరగంట నుంచి ముప్పావుగంట ఆగి, కటకం సడలాక చూస్తేనే అసలు పవర్ తేలుతుంది. ఆ చుక్కలు వేయాల్సింది కంటి డాక్టరు, మేం కాదు. ఆ రోజంతా దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. కాబట్టి స్కూల్లో పరీక్ష ఉన్న ముందురోజు మాత్రం ఈ చుక్కల టెస్టు పెట్టుకోకండి.

ఎక్కువమంది తల్లిదండ్రులు తెచ్చే ఫిర్యాదు వేరు: "అక్షరాలు తారుమారు చేస్తున్నాడు, లైన్లు దాటేస్తున్నాడు, సైటు పెరిగిందేమో చూడండి." అద్దం చేసేది ఒక్కటే, బొమ్మను స్పష్టంగా నిలపడం. కనిపించినదాన్ని పోల్చుకోవడం, దిక్కు గుర్తుపట్టడం, గజిబిజిలోంచి ఒక ఆకారాన్ని వేరుచేయడం మెదడు పని. అది వయసుతో వస్తుంది, పవర్‌తో కాదు. రెండింటినీ ఇంట్లోనే కొంత విడదీయవచ్చు. 100ని మైనస్ పవర్‌తో భాగించండి. అద్దాలు లేకుండా ఎన్ని సెంటీమీటర్ల దాకా స్పష్టమో వస్తుంది. మైనస్ 2కి 50, మైనస్ 4కి 25. బోర్డు మీది థ, ధ ఒకేలా కనిపించి, ఆ దూరం లోపల పెట్టిన పుస్తకంలో సరిగ్గా చదివితే అది సైటే. పుస్తకంలోనూ తడబడితే, ఆ తడబాటుకు మైనస్ పవర్ పెంచడం మందు కాదు. ఇంగ్లీషు బి, డి అక్షరాలు తిరగేసి రాయడం ఏడేళ్ల దాకా మామూలే. గీసింది చూసి గుండ్రం మూడేళ్లకు, కూడిక గుర్తు నాలుగేళ్లకు, త్రిభుజం అయిదేళ్లకు, డైమండ్ ఆకారం ఆరేడేళ్లకు వేయగలగడం సాధారణం (ఇందులో చేతి నేర్పు పాత్ర కూడా ఉంటుందనుకోండి). బాగా వెనకబడితే పిల్లల డాక్టరుకి చూపించండి, మా దగ్గరికి కాదు.

వయసు ప్రభావం చార్టు దగ్గరా కనిపిస్తుంది. చిన్నపిల్లలు విడి అక్షరాన్ని చదివేసి, అదే సైజు అక్షరం వరుసలో ఉంటే తప్పుతారు. పక్క అక్షరాల రద్దీ వాళ్లకు పెద్దలకన్నా ఎక్కువ అడ్డం. విడి అక్షరాలతో చూస్తే చూపు ఉన్నదానికన్నా బాగున్నట్టు తేలుతుంది. అందుకే ఇక చుట్టూ గీతలతో అలాంటి రద్దీ ఉన్న అక్షరాలే వాడతాం.

మెదడు పనికి అద్దంతో సంబంధం లేదన్నదానికి ఒక మినహాయింపు ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక కంటికే ఎక్కువ పవర్ ఉండి చిన్నతనంలో అద్దాలు పెట్టకపోతే, ఆ కంటి చూపు మెదడులో సరిగ్గా ఎదగదు. దాన్నే లేజీ ఐ అంటారు. సరైన అద్దం పెట్టినా మొదటిరోజే 6/6 (మామూలు పూర్తి చూపు) రాదు, వారాలు, నెలలు పడుతుంది. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే ఫలితం బాగుంటుంది. "అద్దాలు బాగోలేదు, మార్చండి" అనేముందు డాక్టరుని అడగండి.

"కాస్త తక్కువ పవర్ వేయండి, కన్ను అలవాటు పడుతుంది" అని అడిగితే వేయం. తగ్గించి ఇస్తే సైటు పెరగడం ఆగదు, బోర్డు మాత్రం కనిపించదు.

ఇక కొలతలు. కంటిపాపల దూరం ఇప్పుడు ఒక్కో కంటికీ విడిగా తీస్తున్నాం. మైనస్ 5 అద్దం మధ్యబిందువు 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే కంటిమీద 2 ప్రిజం డయాప్టర్ల (అద్దం బొమ్మను పక్కకు జరిపే కొలత) లాగుడు పడుతుంది, చదివేటప్పుడు తలనొప్పి రావచ్చు. పిల్లలకు పాలీకార్బనేట్ (సులువుగా పగలని ప్లాస్టిక్) అద్దాలే ఇస్తాం, గాజు అడిగినా ఇవ్వం. ఫ్రేము ముక్కు మీద జారుతుంటే బిగించడానికి ఎప్పుడైనా తీసుకురండి. ఆరు నెలలకోసారి పవర్ చూపించేటప్పుడు పాత కళ్లజోడు, పాత చీటీ రెండూ తెండి. పెరిగింది ఎంతో చెప్పడానికి మాకు రెండూ కావాలి.