తడిసిన మైదానంలో పాత పాటలు: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

నిన్న పగలంతా గాలివాన. సాయంత్రం ఆరుబయట పాత పాటల కచేరీ జరుగుతుందని ఎవరూ అనుకోలేదు. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగితే గానీ గేట్లు తీయని మీ సిబ్బందిని తిట్టుకున్నాను, మబ్బుకు 15 కిలోమీటర్ల దూరంలోనూ పిడుగు పడగలదని తెలిసి కూడా!

తేమకు తబలా చర్మం సడలి శ్రుతి దిగిపోయింది. కళాకారుడు చిన్న సుత్తితో అంచులు తడుతూ కూర్చున్నాడు. ఆ టకటకతోనే నాకు సగం కచేరీ అయిపోయింది. మొదటి పల్లవికే పక్కనున్న పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పటికి వాన లేదు.

ఒక్క ఫిర్యాదు. వేదిక వెనక కరెంటు తీగలు నీటిగుంటలో పడి ఉన్నాయి. పాట వింటున్నా కన్ను వాటి మీదే. ఇకపై వాటిని ఎత్తులో కట్టించండి. కరెంటు లీకేజీని పసిగట్టి సరఫరా ఆపే బ్రేకరు తప్పనిసరి చేయండి.

ఇట్లు,
చెప్పులింకా ఆరని ఒక శ్రోత